పసుపు అట్ట మీద లెక్క: కుండీల్లో ఫంగస్ నాట్స్‌తో రెండు నెలలు

1వ రోజు

పొద్దున ఫైకస్ బోన్సాయ్‌కి నీళ్ళు పోస్తుంటే నాచులోంచి నాలుగైదు చిన్న నల్ల ఈగలు లేచాయి. వారం రోజులుగా ఒకటీ అరా కనిపిస్తూనే ఉన్నాయి. కిటికీ తెరిచి ఉంటుంది కదా, బయటి నుంచి వస్తున్నాయనుకున్నాను. ఇవాళ దగ్గర కూర్చుని చూస్తే సంగతి అర్థమైంది. లేచినవి ఎక్కడికీ పోలేదు. కుండీ అంచు మీద కాసేపు పరుగులు పెట్టి, మళ్ళీ ఆ తడి మట్టి మీదే వాలాయి. ఇవి ఈ కుండీలోనే పుడుతున్నాయి.

ఈ ఫైకస్ అక్క పెంచిన చెట్టు. చిటికెన వేలంత కొమ్మ నాటి, పన్నెండేళ్ళు తీగ చుట్టీ, కత్తిరించీ ఈ రూపానికి తెచ్చింది. ఇల్లు మారుతూ నా చేతిలో పెట్టినప్పుడు, "ఎండ తగిలేలా చూసుకోరా, నీళ్ళ దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో" అంది. అందుకే ఈ ఈగల సంగతి తేలిగ్గా వదిలెయ్యలేను. జరిగింది జరిగినట్టు రాసిపెడతాను.

నా దగ్గరున్నవి మొత్తం ఇవీ: బోన్సాయ్‌లు మూడు, అంటే ఫైకస్, చైనీస్ ఎల్మ్, జేడ్. మామూలు కుండీలు పది. పూల మొక్కల నారు పోసిన ఇరవై గుంటల ట్రే ఒకటి.

2వ రోజు

ఒక ఈగని చిన్న గాజు సీసాలో పట్టి భూతద్దంతో చూశాను. ఒళ్ళు రెండున్నర మి.మీ. ఉంటుందేమో. సన్నటి పొడవాటి కాళ్ళు, పూసలు గుచ్చినట్టున్న మీసాలు. చూడగానే బుల్లి దోమలా ఉంది. రెక్క మీద వెలుగు పడేలా సీసా తిప్పితే పంగలకర్రలా రెండుగా చీలిన నరం కనిపించింది. తడి మట్టిలో పుట్టే ఫంగస్ నాట్ అనే ఈ చిన్న ఈగకి అదే గుర్తు. ఇవి సియారిడే కుటుంబానికి చెందినవి, కుండీల్లో ఎక్కువగా కనిపించేవి బ్రాడీసియా జాతివి.

గుర్తుపట్టడం దగ్గర తొందరపడకూడదని ఇంత సేపు కూర్చున్నాను. పండ్ల మీద ముసిరే ఈగలైతే బొద్దుగా, గోధుమ రంగులో, ఎర్ర కళ్ళతో ఉంటాయి. వాటికి వెనిగర్ గిన్నె పెడితే చాలు. ఫంగస్ నాట్స్‌కి వెనిగర్ మీద అంత మోజు లేదు. పాచి పట్టిన చోట తిరిగే షోర్ ఫ్లై అని ఇంకొకటి ఉంది. దాని మీసాలు పొట్టిగా ఉంటాయి, ముదురు రెక్కల మీద తెల్లటి చుక్కలు ఉంటాయి. మట్టి మీద గెంతుతూ కనిపించే తెల్లటి సూక్ష్మమైన పురుగులు స్ప్రింగ్‌టెయిల్స్. వాటి జోలికి పోనక్కర్లేదు, కుళ్ళినవి తిని బతుకుతాయి, మొక్కకు హాని లేదు.

ఎగిరే ఫంగస్ నాట్స్ కుట్టవు, ఆకులూ కొరకవు. మనకు చిరాకు, అంతే. నష్టమంతా మట్టిలో ఉన్న పిల్లపురుగులతోనే. అవి బూజు, పాచి, కుళ్ళిన ఆకులు తింటాయి. సంఖ్య పెరిగితే లేత వేళ్ళనీ, వేళ్ళ మీది నూగునీ కూడా కొరుకుతాయి. బాగా వేళ్ళూనిన చెట్టు ఆ దెబ్బకి తట్టుకుంటుంది. నారు, కొత్తగా నాటిన కొమ్మలు, ఈ మధ్యే కుండీ మార్చిన బోన్సాయ్ తట్టుకోలేవు.

3వ రోజు

ఏ కుండీలో ఎంత ఉన్నాయో తెలియకుండా మందు గురించి ఆలోచించడం అనవసరం. దీనికి పాత పద్ధతి ఒకటుంది, బంగాళదుంప ముక్క. పచ్చి దుంపని సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, ఒక్కో కుండీలో మట్టికి ఆనేలా నొక్కి పెట్టాను. పిల్లపురుగులు దాని తేమకీ పిండికీ వచ్చి కింది వైపు చేరతాయి. ముక్క ఎండిపోకుండా ఒక్కోదాని మీద చిన్న మూత బోర్లించాను. ఫైకస్‌లో మాత్రం నాచు అంచు ఎత్తి, దాని కిందకి జరిపాను.

పెట్టేటప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. గత నెల తెరిచిన పాటింగ్ మిక్స్ సంచి మూలన ఉంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్ట్ కలిపినది, నారు పోసింది దాంతోనే. సంచి మూతి సరిగ్గా కట్టలేదు. అందులోనూ ఒక ముక్క పెట్టాను.

5వ రోజు

ముక్కలు తిప్పి చూశాను. ఇంత స్పష్టంగా కనిపిస్తాయనుకోలేదు.

నారు ట్రేలో పెట్టిన ముక్క కింద ఇరవై మూడు. పొడవు ఐదు మి.మీ. లోపే, దారప్పోగు ముక్కల్లా ఉన్నాయి. ఒళ్ళు గాజులా పారదర్శకం, తల మాత్రం నిగనిగలాడే నల్ల చుక్క. భూతద్దం పెడితే లోపల పేగు నల్లటి గీతలా కనిపిస్తోంది, తిన్నది కదులుతున్నట్టు తెలుస్తోంది. కాళ్ళు లేవు. వెలుగు పడగానే దుంపలో చేసుకున్న సన్నటి బొరియల్లోకి దూరిపోతున్నాయి. ఈ నల్ల తల, గాజు ఒళ్ళు ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ పొరబడరు.

మిగతా లెక్క: ఫైకస్ నాచు కింద 14, పీస్ లిల్లీలో 9, ఒక మనీప్లాంట్‌లో 4, ఇంకోదాంట్లో 1, ఎల్మ్‌లో 3. జేడ్‌లో, స్నేక్ ప్లాంట్‌లో, మిగిలిన కుండీల్లో ఏమీ లేవు. ఆ ఏమీ లేని కుండీలన్నీ నేను వారానికోసారి నీళ్ళు పోసేవే.

పాటింగ్ మిక్స్ సంచిలో 17. అంటే ఈ పురుగుని నేనే సంచిలోంచి తవ్వి నారు ట్రేలో పోశాను, అక్కడి నుంచి మిగతా కుండీలకి పాకింది. సంచిని నల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా కట్టి, రెండు వారాలు మంచి ఎండలో ఉంచుతున్నాను. ఆ తర్వాత కూడా ముక్క పెట్టి చూసి, అప్పుడే వాడతాను.

6వ రోజు

కాగితం మీద లెక్క వేసుకున్నాను. 24 డిగ్రీల వేడిలో గుడ్డు పొదగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు, పిల్లపురుగు దశ దాదాపు రెండు వారాలు, ప్యూపా (పురుగు ఈగగా మారే మధ్య దశ) నాలుగైదు రోజులు. రెక్కలొచ్చాక వారం పది రోజులు బతుకుతుంది. ఆ కాస్త కాలంలోనే ఒక్కో ఆడది 100 నుంచి 200 దాకా గుడ్లు పెట్టగలదు. గుడ్లు పెట్టేది తడిగా ఉన్న పైమట్టిలో, పిల్లపురుగులు తిరిగేది ఎక్కువగా పైనుంచి ఐదారు సెం.మీ. లోపు.

దీంతో రెండు విషయాలు తేలిపోయాయి. ఒకటి, ఎగిరేవాటిని ఎన్ని చంపినా మట్టిలో గుడ్డూ, పురుగూ, ప్యూపా అన్నీ ఒకేసారి ఉంటాయి కాబట్టి ఒక్క రోజు చేసే పనితో తెగదు. కనీసం నాలుగు వారాలు పట్టు వదలకూడదు. రెండు, పైమట్టి ఆరితే గుడ్లూ చిన్న పురుగులూ ఎండి చస్తాయి. మందు కంటే ముందు చూసుకోవలసింది నీళ్ళే.

పసుపు రంగు జిగురు అట్టలు మూడు పెట్టాను. కిటికీ దగ్గరి కుండీలకి ఒకటి, బోన్సాయ్ అరకి ఒకటి, నారు ట్రేకి ఒకటి. ఇవి ఎగరడంలో మరీ బలహీనం, మట్టికి దగ్గరగానే తిరుగుతాయి. అందుకని అట్టని పుల్లకి నిలబెట్టకుండా, మట్టికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పడుకోబెట్టాను. ఇలా పడుకోబెడితే మట్టిలోంచి పైకి లేచినవి నేరుగా తగులుకుంటాయి. ఇవి పురుగుని వదిలించవు, పెరుగుతోందో తగ్గుతోందో చెబుతాయి. వారానికోసారి లెక్కపెట్టి మారుస్తాను.

8వ రోజు

మామూలు కుండీల సంగతి తేలికే. పుల్ల గుచ్చి చూస్తున్నాను, మూడు సెం.మీ. లోతు దాకా పొడిగా వస్తేనే నీళ్ళు. పీస్ లిల్లీ నిన్న సాయంత్రం ఆకులు వేలాడేసింది. ట్రేలో నీళ్ళు పోసి అడుగు నుంచి తాగనిచ్చాను, అరగంటలో మిగిలిన నీళ్ళు పారబోశాను. తెల్లారేసరికి లేచి నిలబడింది, పైమట్టి పొడిగానే ఉంది.

బోన్సాయ్‌తో అసలు చిక్కు. లోతు తక్కువ కుండీ, ఉన్న మట్టే పిడికెడు. పైన మూడు సెం.మీ. ఆరనివ్వడమంటే చెట్టు మొత్తాన్ని ఎండబెట్టడమే. అలాగని పైకి పొడిగా కనిపించిన బోన్సాయ్ కుండీ అడుగున కూడా పొడిగా ఉందని చెప్పలేం. ఇది ఎందుకో కంటితో చూద్దామని గిన్నెలు తోమే కొత్త స్పాంజి తీసుకున్నాను.

స్పాంజిని నీళ్ళలో బాగా ముంచి, జాలీ మీద పడుకోబెట్టాను. చుక్కలు పడీ పడీ ఆగిపోయాయి. ఇక నీళ్ళు కారవనిపించింది. అప్పుడు దాన్ని పొడుగ్గా నిలబెట్టాను. మళ్ళీ ధార కట్టింది. అదే స్పాంజి, అవే నీళ్ళు, ఎత్తు మారింది, అంతే. పడుకోబెట్టి పైభాగం నొక్కితే చెయ్యి తడిసింది, నిలబెట్టాక నొక్కితే పైభాగం దాదాపు పొడి.

మట్టీ ఇంతే. ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం నీళ్ళతో నిండిపోయి కారకుండా నిలుస్తుంది. ఆ మందం మట్టి రేణువుల సైజుని బట్టి ఉంటుంది, కుండీ లోతుని బట్టి కాదు. ఉదాహరణకి ఒక మట్టిలో అది రెండు సెం.మీ. అనుకుంటే, ఇరవై సెం.మీ. కుండీలో అడుగున పదో వంతు. నాలుగు సెం.మీ. బోన్సాయ్ పళ్ళెంలో సగం చెట్టు నీళ్ళలో నిలబడినట్టే. రేణువు పెద్దదైతే ఆ పొర పలచబడుతుంది. బోన్సాయ్ పెంచేవాళ్ళు అకడమా (జపాన్ బంకమట్టి పలుకులు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి లాంటి గరుకు మిశ్రమాల మీద ఎందుకంత పట్టుదలగా ఉంటారో ఈ స్పాంజి చెప్పినంత బాగా నాకు ఇంతవరకూ ఏదీ చెప్పలేదు. అక్క ఫైకస్ ఉన్నది నాలుగేళ్ళ నాటి తోటమట్టి, కంపోస్ట్, ఇసుక మిశ్రమంలో. మెత్తగా నలిగిపోయి ఉంది.

వెంటనే చేయగలిగింది ఒకటే చేశాను. నీళ్ళు పోశాక కుండీకి ఒక వైపు కింద చెక్కముక్క పెట్టి పది నిమిషాలు వాలుగా ఉంచాను. వాలగానే ఎత్తు పెరిగినట్టవుతుంది కదా, రంధ్రంలోంచి ఇంకో నాలుగు చెంచాల నీళ్ళు వచ్చాయి.

11వ రోజు

పీస్ లిల్లీ మీద సెంటీమీటరు మందాన సన్న ఇసుక పరిచి మూడు రోజులైంది. పని చేయలేదు. సన్న ఇసుక కింది తడిని పైకి లాక్కుని తనే తడిగా కూర్చుంది. పైగా ఇవాళ కుండీ ఎత్తితే అడుగు రంధ్రాల్లోంచి రెండు ఈగలు బయటికొచ్చాయి. పైన తలుపు మూస్తే కింద తలుపు తీసుకున్నాయి. ఇసుక తీసేశాను. పరచాలంటే రెండు మూడు మి.మీ. గరుకు రాయి పరచాలి, రంధ్రాలకి సన్నటి మెష్ పెట్టాలి.

13వ రోజు

మొదటి వారం అట్టల లెక్క: కిటికీ కుండీలు 38, బోన్సాయ్ అర 27, నారు ట్రే 61. మొత్తం 126.

బీటీ తెప్పించాను, ప్యాకెట్ తిప్పి చదివితే నాకు కావలసింది కాదు. ఈ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను. బీటీ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. అందులో రకాలున్నాయి. ఎక్కువగా దొరికేది కుర్‌స్టాకీ, అది ఆకులు తినే గొంగళిపురుగుల మీద పని చేస్తుంది. ఫంగస్ నాట్స్ దోమల వైపు బంధువులు, వాటికి కుర్‌స్టాకీ పనికిరాదు. ఇజ్రాయెలెన్సిస్ అని రాసి ఉండాలి, పొట్టిగా బీటీఐ అంటారు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమ లార్వాలు చచ్చి తేలుతున్న ఒక నీటిగుంటలో ఇది దొరికింది. సరైన ప్యాకెట్ రేపు వస్తుంది.

14వ రోజు

బీటీఐ మొదటి విడత. ప్యాకెట్ మీద రాసిన మోతాదు ప్రకారం నీళ్ళలో కలిపి, అరగంట నానబెట్టి, పద్నాలుగింటికీ పోశాను. పురుగు కనిపించని జేడ్‌కీ పోశాను, దానికి ఎలాగూ ఇవాళ నీళ్ళ రోజు.

ఇది తాకితే చంపే మందు కాదు. పిల్లపురుగు దీన్ని తినాలి. బ్యాక్టీరియా తయారుచేసిన ప్రోటీన్ స్ఫటికాలు పురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు గోడని ఛిద్రం చేస్తాయి. మన కడుపులో ఉండేది ఆమ్లం, అక్కడ ఇది అలా పని చేయదు. తినేది పిల్లపురుగు ఒక్కటే కాబట్టి గుడ్డు మీదా, ప్యూపా మీదా, ఎగిరే ఈగ మీదా దీని ప్రభావం ఉండదు. మట్టిలో ఎక్కువ రోజులు నిలవదు కూడా. వారం వారం పోయాలి. 14, 21, 28, 35 రోజుల్లో నాలుగు విడతలు అనుకున్నాను.

స్టీనర్నెమా ఫెల్టియే అనే మేలు చేసే నెమటోడ్లు (కంటికి ఆనని సన్నటి పురుగులు) కూడా ఈ పురుగుల్ని వెతికి మరీ చంపుతాయి. వాటికి మట్టి చల్లగా, 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే మేలు. కిటికీ అరలో మధ్యాహ్నం థర్మామీటర్ గుచ్చితే 31 చూపించింది. ఆ దారి వదిలేశాను.

16వ రోజు

నారు ట్రేలో ఏడు మొలకలు పడిపోయాయి. పొద్దున చూస్తే మొదలు దగ్గర దారంలా సన్నబడి, నీళ్ళు పట్టినట్టు ముదురు రంగు తిరిగి, తలవాల్చి ఉన్నాయి. నారుకుళ్ళు. ఒకదాన్ని మెల్లగా లాగితే వేరు లేకుండా వచ్చేసింది, ఆ చోటే రెండు పిల్లపురుగులు ఉన్నాయి. పిథియం లాంటి కుళ్ళు తెగుళ్ళని ఈ పురుగులు ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మోసుకుపోతాయి. అవి కొరికిన గాయం తెగులుకి తెరిచిన తలుపు. ఏడు మొలకల్నీ మట్టితో సహా తీసేశాను. చాలా బాధనిపించింది, విత్తనం పగిలినప్పటి నుంచి రోజూ చూసినవి.

మిగిలిన పదమూడింటిలో సగం గుంటలకి హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రయత్నించాను. మూడు శాతం ద్రావణం ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు. పోయగానే మట్టి బుసబుస పొంగింది. పైన ఉన్న పురుగులు మెలికలు తిరిగి ఆగిపోయాయి. అది కాసేపట్లో నీరూ ఆక్సిజనూ అయి పోతుంది, ఆ తర్వాత మట్టిలో దాని శక్తి ఏమీ ఉండదు. మంచి సూక్ష్మజీవులనీ చెడ్డవాటినీ వేరు చేసి చూడదు. అందుకని బోన్సాయ్ దగ్గరికి తీసుకుపోలేదు.

20వ రోజు

రెండో వారం లెక్క: కిటికీ 29, బోన్సాయ్ 34, నారు 66. మొత్తం 129. బీటీఐ పోశాక పెరిగింది!

రాత్రంతా టెన్షన్ పడ్డాను. పొద్దున లేచి 6వ రోజు రాసుకున్న లెక్క మళ్ళీ చదివాక స్థిమితపడ్డాను. ఈ వారం అట్టకి అంటుకున్నవి నేను మందు పోసేనాటికే ప్యూపాలుగానో, ప్యూపా కాబోయే ముదురు పురుగులుగానో ఉన్నవి. మందు ఫలితం అట్ట మీద కనిపించాలంటే ఇంకో వారం ఆగాలి. చాలామంది ఇక్కడే "బీటీఐ పని చేయలేదు" అని వదిలేస్తారని నా నమ్మకం. మట్టిలో ఏం జరుగుతోందో చూడాలంటే దుంప ముక్కే గతి. ట్రేలో ముక్క పెట్టాను.

22వ రోజు

ట్రేలో ముక్క కింద ఆరు. అప్పుడు ఇరవై మూడు. నిన్న రెండో విడత పోశాను.

ఇవాళ ఫైకస్ పని పెట్టుకున్నాను. అక్కకి ఫోన్ చేస్తే, "నాచు తీసెయ్‌రా, పచ్చగా బాగుందని ఉంచకు. అది మళ్ళీ వస్తుంది, వేళ్ళు పోతే రావు" అంది. నాచు తడిని పట్టి ఉంచే దుప్పటి. ప్రదర్శనకి అందం, రోజూ ఉంటే పురుగుకి ఇల్లు.

సన్నటి పట్టకారుతో అంచు ఎత్తి, చాపలా చుట్టుకుంటూ తీశాను. కింద నల్లటి తడి మట్టి, పాకుడు పట్టినట్టు జారుతోంది. రెండు నెలల క్రితం పెట్టిన ఆవచెక్క ఉండలు మెత్తబడి తెల్లటి బూజు కట్టి ఉన్నాయి. పట్టకారుతో ఒక ఉండ విప్పితే లోపల పిల్లపురుగులు గుంపుగా ఉన్నాయి, ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆపేశాను. జపాన్‌లో బోన్సాయ్‌లకి రేప్‌సీడ్ చెక్క ఉండలు పెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఎరువుగా మంచిదే. నేను వాటిని నాచు కింద దాచాను, అక్కడ అవి ఎప్పుడూ ఆరలేదు, బూజు పట్టాయి. బూజు ఉన్న చోట ఈ పురుగు తిండికి కరువు లేదు. ఉండలన్నీ ఏరేశాను. ఇకపై ఎరువు చిల్లుల మూత కింద, మట్టికి పైన, గాలి తగిలేలా పెడతాను.

వెదురు పుల్లతో పైమట్టి ఒకటిన్నర సెం.మీ. మేర నెమ్మదిగా గీకి తీశాను. వేళ్ళు కనిపించాయి. ముదురు వేళ్ళు గట్టిగా, గోధుమ రంగులో బాగున్నాయి. సన్న వేళ్ళలో కొన్ని చివర్లు తెగినట్టు మొద్దుగా ఉన్నాయి, కొత్త తెల్ల కొనలు ఒక పక్క మాత్రమే వస్తున్నాయి. ఆ పక్కే కుండీ కాస్త ఎత్తుగా, పొడిగా ఉండే వైపు. తీసిన చోట మూడు నుంచి ఐదు మి.మీ. ప్యూమిస్ నింపాను. మొత్తం కుండీ మార్చాలని చెయ్యి లాగింది. వేళ్ళు దెబ్బతిని ఉన్న చెట్టుని ఇప్పుడు కదిలించడం మంచిది కాదు, కోలుకుని చిగురు వేసే ఊపులో ఉన్నప్పుడు చేస్తాను.

తీసిన నాచుని కాగితం మీద ఆరబెట్టాను. ఎండిన నాచు నలిపి దాచుకుంటే తర్వాత చల్లుకోవచ్చు.

27వ రోజు

కిటికీ 14, బోన్సాయ్ 21, నారు 30. మొత్తం 65. సగం.

34వ రోజు

కిటికీ 6, బోన్సాయ్ 12, నారు 9. మొత్తం 27. మధ్యలో మూడు రోజులు మబ్బు పట్టి మట్టి ఆరలేదు, అయినా తగ్గింది. ట్రేలో పదమూడు మొలకలూ నిలబడ్డాయి, రెండో జత ఆకులు వచ్చాయి. పెరాక్సైడ్ పోసిన గుంటలకీ, పోయని గుంటలకీ ఇప్పుడు తేడా ఏమీ కనిపించడం లేదు. మళ్ళీ వాడను.

సంచిలోని పాటింగ్ మిక్స్‌లో మళ్ళీ ముక్క పెట్టి చూశాను. ఒక్క పురుగూ లేదు. మూత ఉన్న డబ్బాలోకి మార్చాను.

41వ రోజు

కిటికీ 3, బోన్సాయ్ 8, నారు 2. నాలుగు విడతలూ అయిపోయాయి.

48వ రోజు

కిటికీ 1, బోన్సాయ్ 7, నారు 1. మిగతా చోట్ల దాదాపు పోయాయి, బోన్సాయ్ అరలో మాత్రం మొండిగా నిలిచాయి. ఆ మూడు బోన్సాయ్‌లలోనూ దుంప ముక్కలు పెట్టి ఉంచాను, తిప్పితే ఫైకస్‌లో సున్నా, జేడ్‌లో సున్నా, ఎల్మ్‌లో ఒకటి. ఒక్క పురుగుకి ఏడు ఈగలు ఎలా?

ఎల్మ్ కుండీ ఎత్తాను. కింద నీళ్ళ పళ్ళెంలో రాలిన చిన్న చిన్న ఆకులు కుళ్ళి, రంధ్రంలోంచి జారిన మట్టితో కలిసి అరసెంటీమీటరు బురద పేరుకుంది. భూతద్దం అక్కర్లేకుండానే నల్ల తలలు కనిపించాయి. నేను మందు పోసినప్పుడల్లా పైనుంచి పోశాను, పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోశాను, కానీ అడుగున అంటుకున్న ఆ బురదని ఎప్పుడూ గీకలేదు. కుండీల్లో అంత జాగ్రత్తగా వెతికి, కుండీ కింద చూడలేదు.

పళ్ళెం వేడినీళ్ళతో కడిగాను. కుండీ అడుగుకి గాలి తగిలేలా రెండు చెక్క పట్టీల మీద ఎత్తి పెట్టాను. ఎల్మ్‌కి మాత్రం ఇంకో విడత బీటీఐ.

55వ రోజు

కిటికీ 1, బోన్సాయ్ 2, నారు 0.

ఫైకస్‌లో పొడిగా ఉండే వైపున్న కొమ్మ మీద మూడు చిగుళ్ళు. ఎర్రటి పొర ఇంకా విడిపోలేదు. ఫొటో తీసి అక్కకి పంపాను. "అటు వైపు వేళ్ళు బాగున్నాయన్నమాట. రెండో వైపు చూస్తూ ఉండు" అని రాసింది.

62వ రోజు

కిటికీ 0, బోన్సాయ్ 1, నారు 0. ఫైకస్ రెండో వైపు కూడా ఒక చిగురు పొడుచుకొచ్చింది. పుల్లతో ప్యూమిస్ కాస్త పక్కకి జరిపి చూస్తే తెల్లటి కొత్త వేరు కొన ఒకటి కనిపించింది, మళ్ళీ కప్పేశాను. పూల మొక్కల్ని విడి విడి కుండీల్లోకి మార్చాను, డబ్బాలోని పాటింగ్ మిక్స్‌లో మూడో వంతు పెర్లైట్ (తెల్లటి తేలికైన రాతి పలుకులు) కలిపి.

నిన్న ఒక స్నేహితుడు జునిపర్ మొక్క ఇచ్చాడు. ఇంకా బోన్సాయ్‌గా మలచనిది, నల్ల ప్లాస్టిక్ కుండీలో ఉంది, పైన మట్టి తడిగా, పచ్చగా పాచి పట్టి ఉంది. మిగతావాటికి దూరంగా వేరే గదిలో కిటికీ దగ్గర పెట్టాను, మూడు నాలుగు వారాలు అక్కడే. పక్కన కొత్త పసుపు అట్ట పడుకోబెట్టి, మట్టిలో దుంప ముక్క నొక్కి మూత బోర్లించాను. ఎల్లుండి పొద్దున తీసి చూడాలి.